చర్మవ్యాధియు మనశ్శాంతియు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట రెండు బల్లలతో, ఒక బీరువాతో మొదలైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. గ్రంథాలయోద్యమమునకు జీవితము ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో మన కర్నూలులోనే జన్మించిరి. ఆయన పుట్టిన సీమలో ఒక పల్లె తన గ్రంథాలయమును ఇంతకాలము నిలుపుకొనుట సంతోషింపదగిన విషయము. ఈ సందర్భమున భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. భారతమునుండియే చెప్పెదను. కాని నేనెన్నుకొన్న విషయము చర్మవ్యాధి. పండుగనాడు రోగపు మాట యెందుకని మీరనుకొనవచ్చును. పదిమంది కూడిన చోట ఎవరును ఎత్తని మాట యిది. అందువలననే పదిమంది కూడిన ఈ దినమున ఎత్తుచున్నాను.

నేను వైద్యుడను కాను. మా నాయన కరణము. 1984లో ఆ పదవులు రద్దయిన కొన్నేండ్లకు నేనును వేరు పేరుతో ఆ లెక్కల పనిలోనే చేరితిని. సంస్కృతము నేను బడిలో చదువలేదు. ఈ గ్రంథాలయపు బీరువాలోని టీకాతాత్పర్యములతోడను, నిఘంటువుతోడను పెనగులాడి నేర్చుకొంటిని. ఈ విషయమున మాటలాడుటకు నాకుగల అర్హత యొక్కటే. ముప్పదియేండ్లుగా నాకు సోరియాసిస్ అను చర్మవ్యాధి కలదు. మోచేతులమీద, మోకాళ్లక్రింద, తలలో ఎఱ్ఱని మచ్చలు, వానిపై వెండిపొరవంటి పొట్టు. మీలో చాలమంది చూచియే యున్నారు. అడుగలేదు. అది మీ మర్యాద. కాని ఆ మర్యాదలోని మౌనమువలన ఈ చుట్టుపట్ల పల్లెలలో ఎందఱో మండుటెండలో సయితము పొడుగుచేతుల చొక్కాలలో దాగి బ్రదుకుచున్నారు. వారిని తలచుకొని మాటలాడుచున్నాను.

ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుడు దుర్యోధనునకు బుద్ధి చెప్పుచు తమ వంశపు పాత సంగతి నొకదానిని చెప్పును. ప్రతీప మహారాజునకు దేవాపి, బాహ్లికుడు, శంతనుడు అని ముగ్గురు కొడుకులు. పెద్దవాడైన దేవాపి ధర్మమెఱిగినవాడు, సత్యము తప్పనివాడు, తండ్రిసేవలో నుండువాడు, ఊరిలో చిన్నపెద్దలందఱికిని కావలసినవాడు. అతనికి లోపమొక్కటే, చర్మదోషము. తండ్రి ముదుసలియై పెద్దకొడుకునకు పట్టాభిషేకము చేయగోరి సంభారములన్నియు సమకూర్చుకొనెను. అప్పుడు బ్రాహ్మణులును, వృద్ధులును, పౌరులును, పల్లెజనులును వచ్చి అడ్డుపడిరి. అంగలోపము గల రాజును దేవతలు మెచ్చరనిరి. తండ్రి కన్నీరు పెట్టుకొనెను. ఆ పుత్రశోకముతోనే ప్రాణము విడిచెను. దేవాపి అడవికి పోయెను. చిన్నవాడైన శంతనుడు రాజయ్యెను.

ఈ కథయే ఋగ్వేద దేవతలను వివరించు బృహద్దేవతయందు కొంత మాఱియున్నది. అందు ప్రజలు అడ్డుపడరు. వారు రాజ్యము తీసికొమ్మని వచ్చినప్పుడు దేవాపియే, చర్మదోషము గలవాడను, రాజ్యమునకు నేను తగను, నా తమ్ముని రాజును జేసికొనుడని చెప్పును.

ఈ రెండింటిలో ఏది పాతదియో, ఏది సరియైనదియో పండితులు తేల్చుకొందురు గాక. నాకు మాత్రము రెండును నిజములుగానే తోచుచున్నవి. మొదట లోకము నీవు తగవనును. ఆ మాటను నాలుగుమార్లు విన్నవాడు దానిని కంఠస్థము చేయును. అయిదవమారు ఎవరును నోరు విప్పకమునుపే నేను తగనని తానే చెప్పుకొనును. పెండ్లికి పిలుపు వచ్చిన ఒంట్లో బాగులేదనును. ఏటి స్నానమునకు రాననును. బస్సులో ప్రక్కచోటు ఖాళీగానున్నను నిలుచుండియే పోవును. ఎవరు కాదనిరి? ఆనాటికి ఎవరును కాదనలేదు. చర్మరోగి పడు వ్యథలో పెద్దభాగము లోకము చెప్పిన మాటకును, తాను చెప్పుకొన్న మాటకును నడుమనే యున్నది.

ఇక యాస్కుని నిరుక్తము చెప్పు భాగము మన సీమవారు చెవియొగ్గి వినవలసినది. అన్నను దాటి తమ్ముడు పట్టము గట్టుకొన్న ఆ రాజ్యమున పండ్రెండేండ్లు వాన కురియలేదు. 1876లో మొదలైన ధాత కఱవును గూర్చి తరతరములుగా చెప్పుకొన్న సీమ మనది. వాన మొగముజూచి బ్రదుకువారమగుటచేత పండ్రెండేండ్లన్న మాట మనకు పుస్తకములోని మాటగా వినబడదు. పెద్దన్నను త్రోసిపుచ్చిన అధర్మమే దీనికి కారణమని బ్రాహ్మణులు చెప్పగా శంతనుడు అన్నయొద్దకు పోయి రాజ్యము తీసికొమ్మనెను. దేవాపి రాజ్యము తీసికొనలేదు. నీకు పురోహితుడనై యజ్ఞము చేయింతుననెను. చేయించెను. వాన కురిసెను. ఋగ్వేదము పదవ మండలమున తొంబదియెనిమిదవ సూక్తము ఆ దేవాపి పేర నున్నదే.

సభాసదులారా, చర్మవ్యాధి మాట వచ్చినప్పుడు మనవారు సాధారణముగా సాంబుని కథయో, మయూర కవి కథయో చెప్పుదురు. సూర్యుని కొలిచి వారు వ్యాధిని పోగొట్టుకొనిరని చెప్పి రోగికి ధైర్యము నూఱిపోయుదురు. ఉద్దేశము మంచిదే. కాని ఆ రోగియు ఆదివారము ఉప్పు మానును, రథసప్తమినాడు స్నానము చేయును, మహానంది కోనేట మునుగును, పుట్టకు పాలు పోయును. మచ్చ పోదు. అప్పుడు నా భక్తి చాలదు, నేను పాపినని క్రుంగిపోవును. అట్టివానికి దేవాపి కథ మంచి తోడు. వాన కురిసిన పిమ్మటనైనను దేవాపి చర్మము నయమైనట్లు ఆ గ్రంథములలో నేనెక్కడను చదువలేదు. అతడు అదే చర్మముతో తిరిగి వచ్చెను, అదే చర్మముతో మంత్రము చెప్పెను, ఊరికి అక్కఱకు వచ్చెను. వానదేవునకు అతని చర్మము అడ్డు కాలేదు.

లెక్కలవాడను గనుక నా భాషలో చెప్పెదను. చర్మరోగికి రెండు పద్దులుండును. ఒకటి రోగపు పద్దు, రెండవది దుఃఖపు పద్దు. చాలమంది రెండింటిని కలిపి ఒకటే పద్దుగా వ్రాయుదురు. రోగము తీఱిననాడే దుఃఖము తీఱునని కూర్చుందురు. మొదటి పద్దులో బకాయి కొంత ఎన్నటికిని మిగులవచ్చును. రెండవ పద్దును మాత్రము విడిగా వ్రాసికొన్నచో చాలవఱకు తీర్చుకొనవచ్చును. నేను చెప్పదలచిన దంతయు ఇంతే. ఇక విప్పి చెప్పెదను.

ముందు రోగపు పద్దు. చర్మముయొక్క పైపొర సామాన్యముగా నెలదినములలో క్రొత్తదగును. సోరియాసిస్ గలవానికి ఆ పని కొద్దిదినములలోనే జరిగి, పండని పొరలు ఒకదానిపై నొకటి పేరుకొని పొట్టుగా రాలును. శరీరమును కాపాడవలసిన శక్తి శరీరముమీదనే తిరుగబడుట దీనికి మూలము. కొంత వంశమువెంట వచ్చును. గొంతువాపు, దెబ్బలు, కొన్ని మందులు, మద్యము, పొగ, పొడిగాలి, మనోవ్యథ దీనిని రేపును. కొందఱికి కీళ్లు కూడ పట్టుకొనును. తెల్లవాఱి లేచునప్పుడు వ్రేళ్లు బిగిసికొనిపోయినచో ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. ఇది ఒకరినుండి యొకరికి అంటునది కాదు. చేయి కలిపిన అంటదు, ఒకే కంచమున తినిన అంటదు, ఒకే పక్కమీద పండుకొన్న అంటదు. లోకమున పదికోట్లమందికి తక్కువ గాకుండ ఈ వ్యాధి యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి నివేదికలో తెలిపినది. 2014లోనే ఆ సంస్థ సభ్యదేశములన్నియు కూడి దీనిపై ఒక తీర్మానము చేసినవి.

బొల్లి సంగతియు ఇట్టిదే. చర్మమునకు రంగునిచ్చు కణములు నశించుటచేత తెల్లమచ్చలు పడును. అదియు అంటదు. అథర్వవేదము మొదటి కాండమునందే తెల్లమచ్చలను పోగొట్టుటకై మూలికలను వేడుకొను సూక్తములున్నవి. అంత పాతది ఈ బాధ. దానిని తెల్లకుష్ఠమని పిలుచుట మన నోటి దోషమే. ఇక నిజమైన కుష్ఠు సంగతి. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో దాని సూక్ష్మజీవిని కనుగొనెను. నేడు ఆఱునెలలో, ఏడాదియో మందు తినిన నయమగును. ప్రభుత్వ వైద్యశాలలో ఆ మందు ఉచితము. స్పర్శ తెలియని మచ్చ కనబడినచో దాచుకొనక చూపించుకొనవలెను. కుష్ఠుగలవానిని సయితము వెలివేయవలసిన పని లేని ఈ కాలమున అంటని వ్యాధి గలవారిని వెలివేయుట ఎంత అన్యాయము!

మన చేలలోనే మఱియొక బాధ పుట్టినది. అమెరికా ఖండమునుండి వచ్చిన వయ్యారిభామ అను కలుపుమొక్కను మీరెఱుగుదురు. మన దేశమున 1956 ప్రాంతమున పూనాలో దానిని గుర్తించిరి. నేడు అది లేని గట్టు లేదు. దాని పుప్పొడియు, ఎండిన ఆకునలుసును గాలిలో తేలి కొందఱి ముఖము, మెడ, మోచేతి మడతలమీద పడి దురదపుట్టించును. ఏండ్లు గడిచినకొలది చర్మము మొద్దువాఱి నల్లబడును. వేరుసెనగ కలుపునకు పోయినవాడు సాయంత్రమునకు కన్నులు వాచి ఇల్లు చేరును. పొలము పోకున్న కూలి లేదు, పోయిన ఒళ్లు మండును. ఆ మొక్కను పూతకు రాకమునుపే చేతికి కప్పు వేసికొని పెఱికివేయుట, నిండుచేతుల బట్ట తొడుగుట, ఇంటికి రాగానే స్నానము చేసి ఆ బట్టలు ఉదుకుట కొంత మేలు. ఊరంతయు ఒకదినము కూడి గట్లు శుభ్రము చేసికొన్న ఇంకను మేలు. సిమెంటు కలుపు తాపీపనివారి చేతులు పగులుటయు ఇట్టిదే. ఇట్టివారికి మనోవ్యథ యనగా కేవలము సిగ్గు కాదు, రేపటి కూలి.

ఇక రెండవ పద్దు, దుఃఖము. తల్లిగర్భమున శిశువు రూపుగట్టునప్పుడు చర్మపు పైపొరయు, మెదడును, నరములును ఒకే మూలపొరనుండి ఏర్పడునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అనగా మనస్సును మోయు నరములును చర్మమును ఏకోదరులు. వేఱింట కాపురమున్నను ఒకరి కష్టము ఒకరికి తగులకపోదు. చింత హెచ్చిన నిదుర తగ్గును. నిదుర తగ్గిన దురద హెచ్చును. గోకినచోట క్రొత్తమచ్చ లేచును. పందొమ్మిదవ శతాబ్దమున కోబ్నర్ అను జర్మను వైద్యుడు ఈ గీఱినచోట మచ్చ లేచుటను గుర్తించెను. క్రొత్తమచ్చను చూచిన చింత మఱల హెచ్చును. ఈ చక్రము ఏతము వలె తిరుగుచునే యుండును. చరకుడు కుష్ఠరోగ కారణములలో పాపకర్మమును కూడ చేర్చిన మాట నిజమే. మనవారు ఆ ఒక్కమాటను పట్టుకొని రోగిని నిలువదీయుదురు. ఆ చరకుడే మఱియొకచోట రోగమును పెంచువానిలో విషాదమే మొదటిదని చెప్పినాడు. పాపమాపుట మన చేతిలో నున్నదో లేదో గాని, విషాదమును తగ్గించుట మన చేతిలో కొంత యున్నది.

దుఃఖమును కొలువవచ్చునా యని మీరడుగుదురు. 1994లో బ్రిటనులోని కార్డిఫ్ నగరమున ఫిన్లే, ఖాన్ అను ఇద్దఱు వైద్యులు పదిప్రశ్నల పట్టిక నొకదానిని తయారుచేసిరి. గడచిన వారమున నీ చర్మమువలన ఎంత సిగ్గుపడితివి, బట్టలు ఎన్నుకొనుటలో ఇబ్బంది కలిగెనా, పనికి అడ్డువచ్చెనా, స్నేహితులతో చిక్కు కలిగెనా యని అడుగుదురు. మచ్చ ఎన్ని అంగుళములని కాదు, బ్రదుకు ఎంత కురచయైనదని ఆ లెక్క. నేడు చాల దేశముల చర్మవైద్యులు దానిని వాడుచున్నారు. రెండు పద్దులు వేఱని వైద్యశాస్త్రమే ఒప్పుకొన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

అమెరికాలో జాన్ అప్‌డైక్ అను గొప్ప నవలాకారుడుండెను. ఆయనకును సోరియాసిసే. 1985లో తన చర్మముతో తాను చేసిన యుద్ధమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. జనుల యెదుట నిలువనక్కఱలేని వృత్తి యని తాను రచనను పట్టుటలో ఈ వ్యాధికి పాలున్నదని అందు చెప్పుకొన్నాడు. అంత కీర్తిమంతునకును దేవాపి వలె ఒక అడవి కావలసివచ్చినది. ఆయన అడవి కాగితములు. మన పల్లెలోని వానికి ఆ అడవి వెనుకగది, మూసిన తలుపు.

ఇక ఏమి చేయవలెనన్న ప్రశ్న. మొదటి సంగతి, రోగమునకు పేరు తెలిసికొనవలెను. పేరు తెలియని భయము పేరున్న రోగముకంటె పెద్దది. కర్నూలు, కడప పట్టణముల సర్వజన వైద్యశాలలలో చర్మవ్యాధుల విభాగములున్నవి. అచట చూపించుకొని పేరు వ్రాయించుకొని రండు. మందుల అంగడిలో అడిగి తెచ్చు పూతమందు నాలుగు దినములలో మచ్చను మాయము చేయును. అందులో బలమైన స్టెరాయిడు ఉండుటయే కారణము. ఇష్టమువచ్చినట్లు పూసిన చర్మము పలుచబడును, మానినవెంటనే వ్యాధి రెట్టింపుగా తిరుగబడవచ్చును. ఇట్టివానిని వైద్యుని చీటి లేక అమ్మరాదని 2018లో భారత ప్రభుత్వము నిబంధనను బిగించినది. మెథోట్రెక్సేట్ అను మాత్ర వ్రాసినచో అది సామాన్యముగా వారమునకొక దినము మాత్రమే వేసికొనునది. దినదినము మింగిన ప్రాణము మీదికి వచ్చును. ఆ మాత్ర వాడుచు సారా త్రాగుట కాలేయమును కాల్చుకొనుటయే. బావంచాలు పూసికొని ఎండలో కూర్చుండుట బొల్లికి పాతకాలపు వైద్యము. కాని మన ఎండ మోతాదు తెలియని ఎండ. వైద్యుని చెప్పుచేతలలో కాక తామే చేసికొన్నచో బొబ్బలు లేచును.

రెండవది, నిత్యపు సేవ. గోరువెచ్చని నీటితో స్నానము చేసి, ఒడలి తడి పూర్తిగా ఆఱకమునుపే కొబ్బరినూనెయో, వైద్యుడు చెప్పిన లేపనమో అద్దవలెను. మన బోరునీరు చాలచోట్ల గట్టినీరు. సబ్బు నురుగు రాదని ఇంకను రుద్దుదురు. రాతితో రుద్దిన పొట్టు పోవును, దానితోపాటు క్రొత్తమచ్చ వచ్చును. గోళ్లు కత్తిరించుకొని, దురద లేచినచోట తడిగుడ్డ వేయవలెను.

మూడవది, నా వృత్తిలోనిది. అడంగలులో సర్వే నంబరున కెదురుగా ఏ పైరు, ఎంత విస్తీర్ణము, నీటి ఆధారమేది యని వ్రాయుదుము. అట్లే నేనొక చిన్నపుస్తకము పెట్టుకొంటిని. తేది, నిదుర, దురద, ఆనాటి చింత, గాలి, తిండి. అంతే, దినమునకు ఒక్క వరుస. మూడేండ్ల లెక్క ముందు పెట్టుకొని చూడగా తేలినదేమనగా, నిదురలేని వారము గడిచిన పది పదునైదు దినములకు మచ్చలు రేగుచున్నవి. పుష్య మాఘములలో పొడిగాలి వీచినప్పుడు హెచ్చుచున్నవి. వంకాయ తినరాదని ఊరంతయు నాకు చెప్పిరి. నా పుస్తకములో వంకాయ కూరకును మచ్చకును ఏ సంబంధమును కనబడలేదు. గుత్తివంకాయ చేసిననాడు మా ఇంటిలో ఎక్కువ తినువాడను నేనే. అందఱికిని ఇట్లే యుండునని చెప్పను. ఎవరి లెక్క వారు వ్రాసికొనవలెను. వ్రాయుటలోనే ఒక శాంతి కలదు. తెలియని శత్రువు తెలిసిన పొరుగువాడగును.

నాలుగవది, మనస్సునకు దినమున ఇంత విశ్రాంతి. అమెరికాలో జాన్ కబాట్ జిన్ అను ఆచార్యుడును ఆయన సహచరులును 1998లో ఒక పరిశోధన ప్రకటించిరి. సోరియాసిసునకు కాంతిచికిత్స పొందుచున్న 37 మందిలో కొందఱికి ఆ చికిత్స జరుగునప్పుడే ధ్యానము చేయించు మాటలను టేపుపై వినిపించిరి. వినినవారి చర్మము విననివారికంటె త్వరగా తేటపడినది. సంఖ్య చిన్నది గనుక దీనినే వేదవాక్యముగా పట్టరాదు. మందు మాని ధ్యానము చేయుడని అది చెప్పలేదు, చికిత్సతో పాటు చేయుడని మాత్రమే చెప్పినది. మనకు టేపు అక్కఱలేదు. సంధ్యావందనము చేయువానికి ప్రాణాయామమున్నది, నమాజు చదువువానికి నమాజున్నది, చర్చికి పోవువానికి ప్రార్థన యున్నది. ఏదియు వలదనువాడు తెల్లవాఱుజామున చేనిగట్టుమీద పావుగంట ఊపిరిని గమనించుచు నడచిన చాలును. నేను మాత్రము రాత్రి పండుకొనుటకు ముందు భారతము పది పద్యములు పైకి చదువుదును. నోరు పద్యమును పట్టుకొన్నంతసేపు చేయి గోకుటను మఱచును.

అయిదవది, ఒక మాటను సిద్ధముగా నుంచుకొనవలెను. ఎవరైన తేఱిపాఱ చూచినచో గుండె దడదడలాడి మాట తడబడును. అందువలన ముందే కూర్చుకొన్న మాట కావలెను. నా మాట ఇది: దీనిని సోరియాసిస్ అందురు, అంటదు. అంతే. వివరణ వలదు, క్షమాపణ వలదు. కొన్నేండ్ల క్రిందట ఒక కచేరీలో ఒకాయన నా చేతినుండి కాగితమును అంచు పట్టుకొని రెండువ్రేళ్లతో అందుకొనెను. ఈ మాట చెప్పితిని. ఆయన ఒకక్షణమాగి, మా చెల్లెలికిని ఇట్లే యున్నదయ్యా, ఏ డాక్టరుకు చూపితివని అడిగెను. అందఱును అట్లుందురని కాదు. ముఖము త్రిప్పుకొన్నవారును ఉన్నారు. కాని భయపడువారిలో ఎక్కువమంది తెలియక భయపడువారే.

ఆఱవది, ఒక్కరికైనను మనస్సు విప్పి చెప్పుకొనవలెను. మా ఇంటివారు ఒకనాడు, మీ ఒంటిమీది మచ్చలతో మాకు కష్టము లేదు, మీరు మాటలాడక కూర్చున్ననాడే మాకు కష్టమనిరి. ఇంటిలోనివారికి మన చర్మముకంటె మన మౌనము బరువని నాకు తెలిసినది. బ్రదుకు మీదనే విసుగు పుట్టునంత చీకటి కమ్మినచో అది పిఱికితనము కాదు, అదియు చికిత్స గల వ్యాధియే. 14416 అను నంబరునకు ఫోను చేసినచో మనోవ్యథకు సలహా చెప్పువారు రేయింబవళ్లు ఉచితముగా పలుకుదురు. భారత ప్రభుత్వము 2022లో టెలి మానస్ అను పేర ఈ యేర్పాటు చేసినది. ఆ నంబరును గ్రంథాలయపు గోడమీద వ్రాయింపవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను.

ఇంతవఱకు రోగి చేయవలసినది చెప్పితిని. నిరుక్తపు కథలో వాన కురిసినది దేవాపి తనంత తాను తిరిగి వచ్చుటవలన కాదు. శంతనుడే అన్నను పిలిచెను. కావున ఊరికిని పని యున్నది. పూర్వపు ధర్మశాస్త్రములు కొన్ని రోగములు గలవారికి ఆస్తిలో భాగము లేదనినవి. ఏ వ్యాధియు, లోపమును, అంగవైకల్యమును కారణముగా జూపి వారసత్వమును కాదనరాదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఇరువదియెనిమిదవ విభాగమున శాసించినది. కుష్ఠురోగులను వేఱుచేయుటకై 1898లో చేసిన చట్టమును 2016లో పార్లమెంటు రద్దుచేసినది. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనలను 2019లో తొలగించిరి. చట్టములో దేవాపికి న్యాయము జరిగినది. పట్టా పుస్తకములో అతని పేరు ఎక్కించుటకు నా కలమునకు అడ్డులేదు. కాని టీ అంగడిలో అతనికి విడిగా పెట్టిన గ్లాసును, క్షౌరశాలలో రేపు రమ్మను మాటను, బడిలో ఎవరును ప్రక్కన కూర్చుండని బల్లను, పెండ్లిచూపులలో గుసగుసను ఏ చట్టము తొలగించును? అవి మన చేతిలోని పనులు.

ముఖ్యముగా ఆడపిల్లల తలిదండ్రులకు ఒక మనవి. మగవానికి ఈ వ్యాధి వచ్చిన ఉద్యోగము చూచి సంబంధము కుదుర్తురు. ఆడపిల్లకు మోచేతిమీద రూపాయంత మచ్చ కనబడిన ఇల్లంతయు శోకము. మచ్చ దాచి పెండ్లి చేయకుడు. దాచిన మచ్చ ఆ పిల్లకు జీవితమంతయు భయము. చెప్పి చేయుడు. చెప్పగా వెనుదిరిగిన సంబంధము పోవుటయే మేలు. ఈలోపల ఆ పిల్ల చదువు ఆపకుడు.

ఇక మన గ్రంథాలయము. ఇరువదియైదేండ్లలో ఈ గదిలో ఎన్ని చేతులు ఎన్ని పుటలు త్రిప్పినవో! పుస్తకమునకు చేయి ముఖ్యము గాని చేతిమీది చర్మము కాదు. భాగవతము నవమ స్కంధమున దేవాపి కలాపగ్రామమున యోగియై నేటికిని ఉన్నాడనియు, కలియుగాంతమున చంద్రవంశమును మఱల నిలుపుననియు చెప్పబడినది. అంత దూరము చూడనక్కఱలేదు. మన వీధిలోనే వెనుకగదులలో కొందఱు దేవాపులున్నారు. వారిలో ఒకరు లెక్కలలో దిట్ట కావచ్చును, ఒకరు చక్కగా పాడువారు కావచ్చును, ఒకరు రేపు ఈ గ్రంథాలయమును నడపువారు కావచ్చును. వారు లేకపోవుటచేత ఊరికి ఎంత కఱవో మనకు తెలియదు. ఈ రజతోత్సవము ముగిసిన మఱునాడు ప్రతి సభ్యుడును అట్టివారిలో ఒక్కరింటికి పోయి, గ్రంథాలయమునకు పోదము రమ్మని పిలువవలెనని ప్రార్థించుచున్నాను. జాలి మాటలు చెప్పవలదు. ఒక పుస్తకము చేతికిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న చాలును.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి ఈ బల్లలమీద ఖాళీచోటు కనబడకుండుగాక. సకాలమున వానలు కురియుగాక. 

స్వస్తి.